పసుపు అక్షరం, నీలి పట్టీ, డప్పు దెబ్బ: నల్లగొండ కేబుల్ వార్తల ప్యాకేజీ తిరిగి కట్టిన తీరు

నల్లగొండ పట్టణంలోని ఒక కేబుల్ చానెల్ రోజూ సాయంత్రం 7 గంటలకు అరగంట జిల్లా వార్తలు వేస్తుంది. ప్రసారం అయ్యాక అదే బులెటిన్‌ను ముక్కలు చేసి యూట్యూబ్‌లో పెడుతుంది. చానెల్ పేరు ఇక్కడ అవసరం లేదు. మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి, ఎక్కడి కేబుల్ ఆఫీసులో చూసినా ఇంచుమించు ఇదే సరంజామా, ఇవే తప్పులు.

తిరిగి కట్టాల్సిన పాత ప్యాకేజీలో, అంటే వార్తలకు వాడే గ్రాఫిక్స్, సంగీతం మూటలో, ఉన్నవి: గోళం తిరుగుతూ 22 సెకన్లు నడిచే మాంటేజ్ (వార్తల ముందు పడే టైటిల్ బొమ్మ), నీలి పట్టీ మీద పసుపు అక్షరాల ఆస్టన్ (తెర కింద పేరూ వార్తా చూపే పట్టీ), ఎర్ర పట్టీ మీద తెల్ల స్క్రోలింగ్, మెరుస్తూ కొట్టుకునే బ్రేకింగ్ ప్లేటు, కుడి పైమూల లోగో, ఒక సినిమా నేపథ్య సంగీతం నుంచి కోసుకున్న థీమ్. వచ్చిన ఫిర్యాదులు మూడే. స్క్రోలింగ్ కుదుపులు పడుతోంది. ఊర్ల పేర్లు తప్పుగా పడుతున్నాయి. యూట్యూబ్‌లో మ్యూజిక్ క్లెయిమ్ వచ్చి బులెటిన్ ఆదాయం వేరేవాళ్లకు పోతోంది. అందం గురించి చూసేవాళ్లు ఎవరూ అడగలేదు. "హైదరాబాద్ చానెల్ లెక్క ఉండాలె" అన్నది యాజమాన్యం కోరిక మాత్రమే. ఆ కోరికను మొదటి రోజే పక్కన పెట్టాల్సి వచ్చింది. హైదరాబాద్ చానెల్ గ్రాఫిక్స్ ఆ చానెల్ యంత్రాలకూ, దానికి దొరికే బిట్‌రేటుకూ (సెకనుకు పంపగలిగే డేటాకూ) కొలిచి కుట్టినవి. కొత్తది గీయడానికి ముందు పాతది ఎందుకు అట్లా ఉందో తెలుసుకోవాలి. కొన్ని అలవాట్లకు ఇప్పటికీ కారణం ఉంది. కొన్నింటి కారణం ఎప్పుడో పోయింది, అలవాటు మిగిలింది.

పాత పొరలు

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. పండిత్ రవిశంకర్ పేరుతో ముడిపడిన దూరదర్శన్ సంకేత సంగీతంలో షెహనాయి ఊదింది ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్. చాలా ఇళ్లలో టీవీకీ గడియారానికీ కలిపి అదొక్కటే గంట. 1990ల్లో ఊళ్లలోకి కేబుల్ వచ్చాక, హెడ్‌ఎండ్‌లో, అంటే చానెళ్లన్నీ పోగై తీగలోకి ఎక్కే చోట, ఒక మాడ్యులేటర్ (ఒక చానెల్‌ను తీగలోకి ఎక్కించే పెట్టె) ఖాళీగా ఉంటే దానికి వీహెచ్ఎస్ డెక్కు తగిలించి లోకల్ చానెల్ అన్నారు. జిల్లా వార్తల గ్రాఫిక్స్ అక్కడ పుట్టాయి, పెళ్లి వీడియో తీసిన చేతులతోనే.

పసుపు అక్షరం, నీలి పట్టీ ఆ రోజుల ఆస్తి. వీహెచ్ఎస్ టేపులో వెలుతురు వివరానికి సుమారు 3 మెగాహెర్ట్జ్ చోటుంటే, రంగుకు దొరికేది అందులో అయిదారో వంతు. రంగు అంచులు ఎప్పుడూ పాకుతాయి. అక్షరం చదవగలగాలంటే తేడా రంగులో కన్నా వెలుతురులో ఉండాలి. టీవీ లెక్కలో నిండు పసుపు వెలుతురు 89 శాతం, నిండు నీలం 11 శాతం, ఎరుపు 30. పసుపు మీద నీలానికి 78 పాయింట్ల తేడా. ఎరుపు, నీలాల మధ్య 19 మాత్రమే. పది యాంప్లిఫయర్లు దాటి చీమలు పట్టిన బొమ్మలో కూడా పసుపు నిలబడింది అందుకే. అప్పటివాళ్లు ఈ లెక్క వేసి పెట్టలేదు, కనబడిందాన్ని ఉంచుకున్నారు. ఈ అలవాటుకు ఇప్పటికీ విలువ ఉంది. చౌక సెట్‌టాప్ బాక్సు నుంచి మూడు రంగుల ఏవీ తీగతో పాత టీవీకి వెళ్లే ఇళ్లున్నంత కాలం ఆ వీడియో కాంపోజిటే, అంటే రంగూ వెలుతురూ ఒకే తీగలో కలిసి వెళ్లేదే, రంగు పాకుతుంది.

మాంటేజ్ పొడుగు సంగతి వేరు. డెక్కులో ప్లే నొక్కాక టేపు వేగం కుదురుకోవడానికి అయిదు సెకన్లు తీసుకునేది. ఈలోపు రెండో డెక్కు సిద్ధం కావాలి, యాంకర్ టేపు మొదటికి రావాలి. మాంటేజ్ పొడుగ్గా ఉంటే ఆపరేటర్‌కు ఊపిరి ఆడేది. ఇప్పుడు అన్నీ ఫైళ్లే. 22 సెకన్లకు కారణం పోయి చాలా ఏళ్లయింది.

గోళం 2000 తర్వాతి పొర. కంప్యూటర్‌లో ప్రీమియర్, ఎడియస్, అక్షరాలు తిప్పడానికి యూలీడ్ కూల్ త్రీడీ, వెనకాల కదిలే బ్యాక్‌గ్రౌండ్‌కు డిజిటల్ జ్యూస్ డిస్కులు. పెళ్లి క్యాసెట్‌లో తలంబ్రాల వెనక తిరిగిన బంగారు రిబ్బనే రాత్రి వార్తల వెనకా తిరిగేది. 2004లో టీవీ9 వచ్చాక బ్రేకింగ్ ప్లేటు, వేగం, డబడబ శబ్దం అందరికీ అంటుకున్నాయి.

అనలాగ్ తీగలో ఈ గోళం బాగానే తిరిగింది. డిజిటల్‌లోకి వచ్చాకే చెడింది. పట్టణాల డిజిటల్ కేబుల్ మూడో దశ గడువు 2015 డిసెంబరు 31. పల్లెల నాలుగో దశ గడువు 2017 మార్చి 31కి జరిగింది. అప్పటినుంచి లోకల్ చానెల్‌కు దొరికేది ఎంఎస్‌వో, అంటే ఊరి కేబుల్‌వాళ్లకు చానెళ్లు అందించే పెద్ద కంపెనీ, మిగిల్చిన బిట్‌రేటు. తిరిగే గోళం, రాలే మెరుపులు, కదిలే బ్యాక్‌గ్రౌండ్ ప్రతి ఫ్రేమ్‌నూ మార్చేస్తాయి కాబట్టి వీడియోను కుదించే ఎన్‌కోడర్ బిట్లన్నీ అవే తినేసి, యాంకర్ ముఖానికి గళ్లు మిగులుస్తాయి. బ్యాక్‌గ్రౌండ్‌ను ఆపేసి, ఒక్క పట్టీ మాత్రమే 10 ఫ్రేముల్లో జరిగి నిలిచేట్టు చేస్తే ముఖం మీది గళ్లు పోయాయి. ఈ కేసులో పైసా ఖర్చు లేకుండా వచ్చిన బాగు ఇదే.

పట్టీ, అక్షరం

చేతికొచ్చిన ఆస్టన్ పట్టీ ఇంగ్లిష్ టెంప్లేటు నుంచి తీసుకున్నది. ఇంగ్లిష్ అక్షరం గీత మీద కూర్చుంటుంది, తెలుగుకు పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రీయ", "స్వాతంత్ర్యం", "కర్ఫ్యూ" రాసి చూస్తే పట్టీ కింది అంచు వత్తుల్ని కోసేస్తోంది. 1080 గీతల ఫ్రేములో ఫాంట్ సైజు 64 పిక్సెళ్లయితే ఒక వరుస పట్టీకి కనీసం 120 ఇవ్వాలి, రెండు వరుసలైతే 210. ఈ మూడు మాటలతో పాటు "జ్యోత్స్న", "కృష్ణా" కూడా పరీక్ష మాటలుగా టెంప్లేటులోనే ఉంచారు. ఫాంటు మార్చినప్పుడల్లా ముందు ఇవి పడాలి.

ఫాంట్లలో హెడ్‌లైన్‌కు రామభద్ర, ఆస్టన్ రెండో వరుసకు మండలి. రెండూ ఉచిత లైసెన్సులో దొరికే యూనికోడ్ ఫాంట్లు. రామభద్ర లావు కాబట్టి కుదించినా పోదు. అయితే లోపలి సున్నాలు చిన్నవి, 48 పిక్సెళ్ల కంటే తగ్గిస్తే "ప"కూ "వ"కూ తేడా పూడుకుపోతుంది. హెచ్‌డీలో గీసిన ప్యాకేజీ ఎస్‌డీ బాక్సులో 1080 నుంచి 576 గీతలకు తగ్గుతుంది. ఒక పిక్సెల్ అడ్డగీత సగం గీత అవుతుంది, ఇంటర్లేస్ వల్ల, అంటే ఒక ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలు అని రెండు ఫీల్డులుగా విడివిడిగా చూపడం వల్ల, మినుకుమినుకుమంటుంది. అందుకని అడ్డగీత ఏదైనా 4 పిక్సెళ్లకు తగ్గకూడదు. కుదిస్తే అది రెండు గీతలు దాటుతుంది, రెండు ఫీల్డుల్లోనూ ఉంటుంది, వణకదు.

అక్షరాల్ని అంచుల నుంచి 5 శాతం లోపల, అంటే పక్కలకు 96, పైనా కిందా 54 పిక్సెళ్లు వదిలి పెట్టాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పాత 4:3 టీవీలున్న ఇళ్లలో బాక్సు సెట్టింగు మధ్య ముక్కను మాత్రమే చూపేలా ఉంటే 1920లో మధ్యలోని 1440 పిక్సెళ్లే కనిపిస్తాయి, అటూ ఇటూ 240 పోతాయి. లోగో పోతే పోనీ, వార్త చెప్పే మాట మాత్రం ఆ 1440లోనే ఉండాలి.

ఊర్ల పేర్ల తప్పులకు కారణం అజ్ఞానం అనుకుంటారు చూసేవాళ్లు. ఎక్కువ భాగం ఒక కనిపించని అక్షరం పని. "మహబూబ్‌నగర్" అని సరిగ్గా పడాలంటే బ్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే "మహబూబ్నగర్" అయి, న కింద వత్తుగా దిగుతుంది. "నాగర్‌కర్నూల్"కూ, "కలెక్టర్‌కు" లాంటి ప్రతి మాటకూ ఇదే గతి. రిపోర్టర్ ఫోనులో సరిగ్గానే కొట్టి ఉంటాడు. వాట్సాప్ నుంచి ఎక్సెల్‌కూ అక్కణ్నుంచి తెర మీద అక్షరాలు వేసే టైట్లర్‌కూ చేతులు మారేటప్పుడు, కొందరు మాటల మధ్య చెత్త తీసేయడానికి వాడే చిన్న స్క్రిప్టుల్లోనూ అది రాలిపోతుంది. మందు ఏమిటంటే జిల్లా, మండలం, పదవుల పేర్లతో ఒక జాబితా చేసి, టైట్లర్‌లోకి వచ్చే మాటను దానితో సరిచూసి మార్చేయడం. ఒక్కొక్కరికీ నేర్పుతూ కూర్చుంటే నెలకొకసారి మళ్లీ మొదటికే వస్తుంది.

వత్తు విడిపోయి అక్షరం పక్కన నిలబడితే జబ్బు వేరు. ఫొటోషాప్‌లో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రిఫరెన్సెస్ కింద టైప్ విభాగంలో దక్షిణాసియా లిపుల ఇంజిన్ ఎంచుకోలేదన్నమాట. బొమ్మలూ మాటలూ కలిపి ప్రసారానికి పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో అయితే అక్షరాలు గీయడానికి ఫ్రీటైప్ టెక్స్ట్ సోర్సు వాడారన్నమాట. దానికి అక్షరాలు పేర్చడమే తెలుసు, కలపడం తెలియదు. జీడీఐ సోర్సు కానీ బ్రౌజర్ సోర్సు కానీ వాడాలి. మాటల స్థానంలో వరుసగా ప్రశ్న గుర్తులు వస్తే నోట్‌ప్యాడ్ ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ కాలేదు.

ఇంకొకటి స్పెల్లింగు. "నల్గొండ"నా "నల్లగొండ"నా? బులెటిన్ ఒకటే, ఆస్టన్ ఒక తీరు, స్క్రోలింగ్ ఒక తీరు. ఊరివాళ్లు పలికేది నల్లగొండ కాబట్టి జాబితాలో అదే పెట్టి రెండోదాన్ని మార్చేయమన్నారు.

స్క్రోలింగ్

కుదుపుకు రెండు కారణాలు దొరికాయి. ఓబీఎస్ దాని సహజ సెట్టింగులో సెకనుకు 30 ఫ్రేములు నడుస్తోంది, కేబుల్ ఎన్‌కోడర్ 25. ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పారేస్తారు. యాంకర్ తల ఊపితే ఆ లోపం కనబడదు, ఒకే వేగంతో జరిగే అక్షరంలో మాత్రం సెకనుకు అయిదు సార్లు తగులుతుంది. ఓబీఎస్‌ను 50కి మార్చి, బయటికి 1080 ఇంటర్లేస్డ్ 50 ఫీల్డులుగా పంపితే ఇది పోయింది. బ్రౌజర్ సోర్సులో స్క్రోలింగ్ ఉంటే దాని ఫ్రేమ్ రేటు కూడా 50 ఉందో లేదో విడిగా చూసుకోవాలి. అది 30 దగ్గరే ఉండిపోవచ్చు, అందరూ మరిచేది ఇదే.

రెండోది వేగం. ఫీల్డుకు పూర్ణ సంఖ్య పిక్సెళ్లే జరగాలి. ఫీల్డుకు 4 అంటే సెకనుకు 200, ఒక అక్షరం తెర దాటడానికి 9.6 సెకన్లు. 5 అంటే 250, 7.68 సెకన్లు. నాలుగున్నర పెడితే అంచులు వణుకుతాయి. వార్తకు 4, ప్రకటనలకు కూడా 4. ప్రకటనలవాళ్లకు తొందర ఎక్కువ, 6 అడుగుతారు. చదవలేని ప్రకటన వేసి డబ్బు తీసుకోవడం మంచి బేరం కాదని వాళ్లకు ఒకసారి తెర మీద చూపిస్తే సరిపోతుంది.

జీడీఐ టెక్స్ట్ సోర్సులో పొడుగు స్క్రోలింగ్ మధ్యలో తెగిపోవడం కూడా జరిగేది. ఆ సోర్సు గీసే బొమ్మ వెడల్పు 16,384 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. పది వార్తలు ఒకే వరుసలో పెడితే ఆరో ఏడో వార్త దగ్గర ఖతం. వార్తకొక ముక్కగా విడగొట్టి బ్రౌజర్ సోర్సులో నడపాలి.

థీమ్

పాత థీమ్‌కు చట్టం గొడవ ఒక్కటే కాదు, శబ్దం గొడవా ఉంది. సినిమా మిక్సులో తీగ వాద్యాల పొర ఎడమ కుడులకు బాగా విడిపోయి ఉంది. చిన్న టీవీల్లో, ఫోన్లలో రెండూ ఒక్కటయ్యేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఆ పొర మాయమై, ఉత్తి చప్పుడు మిగిలింది. కాబట్టి కొత్తదాన్ని మొదటినుంచీ మోనోలో వింటూ కట్టారు, స్టీరియో ఆఖరున.

ఈ జిల్లాల్లో వార్తకు వాద్యం వెతకనక్కర్లేదు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అనే ముందు డప్పు మోగుతుంది. చాటింపు డప్పు అంటేనే వినండి అని అర్థం. దాన్ని థీమ్‌కు వెన్నెముకగా పెట్టారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. డప్పుకు చాటింపు దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. శాంపిల్ లైబ్రరీలో దొరికిన లూపు ఏ దెబ్బో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి తెలియదు, పానగల్లులో టీవీ చూసే ముసలాయనకు తెలుసు. లూపు వాడకుండా వాయించేవాళ్లనే పిలవాలి, తుది మిక్సు కూడా వాళ్లకే ముందు వినిపించాలి.

కిన్నెర పెడదామన్న మాటా వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక దాని శబ్దం అందరికీ గుర్తు. కాని సొరకాయ బుర్రల నుంచి వచ్చే ఆ మెత్తని ధ్వని సరిగ్గా మనిషి గొంతు ఉండే చోటే ఉంటుంది. బెడ్‌లో, అంటే యాంకర్ మాట కింద నడిచే సంగీతంలో, పెడితే ఆ మాటతో కొట్లాట. స్టింగులో, అంటే వార్తల మధ్య పడే చిన్న సంగీతం ముక్కలో, మాట లేని చోట, రెండు మీటుళ్లు చాలు.

డప్పు రికార్డింగులో జరిగేది ఏమిటంటే, మంట దగ్గర కాచినప్పుడు చర్మం బిగిసి శ్రుతి ఎక్కుతుంది, వాయిస్తూ ఉంటే దిగుతుంది. వానాకాలం ఇంకా తొందరగా దిగుతుంది. మొదటి టేకూ నాలుగో టేకూ అతికితే అతుకు వినబడుతుంది. కాచిన వెంటనే ఒక నిమిషం వదిలేసి, తర్వాతి నాలుగైదు నిమిషాల్లో కావలసిన దెబ్బలన్నీ తీసుకోవాలి. మళ్లీ కాచాక మళ్లీ మొదటినుంచి. స్టూడియోలో మంట కుదరదు, బయట కాచి తేవాలి, కాబట్టి రికార్డింగు గది వాకిలికి దగ్గరగా ఉంటే మేలు. మూడు డప్పులు. ఒక్కోదానికి 40 సెంటీమీటర్ల దూరంలో డైనమిక్ మైకు, గది మోత కోసం రెండు మీటర్ల దూరంలో ఒక కండెన్సర్ మైకు. సిర్ర (డప్పు కొట్టే లావు పుల్ల) దెబ్బ మీటరు సూది కంటే వేగం, అందుకని లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనీయకూడదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. చిన్న టీవీ స్పీకరు 150 హెర్ట్జ్ కింద ఏమీ పలకదు. డప్పు నిండుదనం 200 నుంచి 400 మధ్య వెతకాలి, సిటికెన పుల్ల చురుకు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్‌లో. 80 కింద కోసేయవచ్చు.

అనలాగ్ మాడ్యులేటర్ రోజుల్లో ఇంకో గోల ఉండేది. పంపేటప్పుడు పై స్వరాల్ని పెంచి, టీవీలో తగ్గించే పద్ధతి అది. 50 మైక్రోసెకన్ల లెక్కన 10 కిలోహెర్ట్జ్ దగ్గర పెంపు 10 డెసిబెల్స్ దాటుతుంది. తాళాలు, గజ్జెలు ఎక్కువున్న థీమ్ అక్కడ చిరిగేది. పాత మాంటేజ్‌లన్నీ మొద్దుగా వినిపించడానికి అదొక కారణం. ఇప్పుడా భయం లేదు, గజ్జెలు ధైర్యంగా పెట్టుకోవచ్చు.

లయ వేగం ఎంచుకోవడంలో అందరూ చేసే పొరపాటు 120. నిమిషానికి 120 దెబ్బలంటే ఒక దెబ్బ అర సెకను, 25 ఫ్రేముల వీడియోలో పన్నెండున్నర ఫ్రేములు. కట్ ఎప్పుడూ దెబ్బకు ముందో వెనకో పడుతుంది. 125 పెడితే దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు, నాలుగు దెబ్బల ఆవర్తనానికి 48. నెమ్మదిగా కావాలంటే 100, దెబ్బకు 15. ఇక్కడ 125. ఆరు ఆవర్తనాలు, 288 ఫ్రేములు, 11.52 సెకన్లు. మొదటి ఆవర్తనం ఒక్క డప్పు, రెండోదానికి మూడూ, మూడు నుంచి అయిదు దాకా కింద సింథ్, పైన నాలుగు స్వరాల చిన్న పలుకు, ఆరోదానిలో రెండు దెబ్బలు కొట్టి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో యాంకర్ నమస్కారం మొదలవుతుంది.

బొమ్మలూ ఆరే, ఆవర్తనానికొకటి: గడియారం సెంటర్, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, లతీఫ్ సాహెబ్ గుట్ట, బత్తాయి మార్కెట్, సాగర్ గేట్లు, జిల్లా పటం. పాత మాంటేజ్‌లో యాదగిరిగుట్ట, భువనగిరి కోట ఉండేవి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక అవి యాదాద్రి భువనగిరిలోకి పోయాయి, ఈ చానెల్ తీగ అక్కడికి పోదు కూడా. పటం మాత్రం అప్పటిదాకా 59 మండలాల ఉమ్మడి జిల్లాదే నడిచింది! పాలమూరు చానెళ్లకు ఈ పని రెండుసార్లు పడింది, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో విడిగా అయింది కాబట్టి. పటాన్ని బొమ్మగా కాకుండా మండలానికొక పొరగా గీసి పెట్టుకుంటే మళ్లీ విడిపోయినా గంట పని.

హెడ్‌లైన్స్ బెడ్ 8 ఆవర్తనాలు, 384 ఫ్రేములు, ఆగకుండా తిరగాలి. దీన్ని ఎంపీ3లో ఇవ్వకూడదు. ఎన్‌కోడర్ మొదట్లో చిన్న ఖాళీ చేరుస్తుంది, తిరిగిన ప్రతిసారీ లయ తడబడుతుంది. వేవ్ ఫైలే. బెడ్‌లో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య 4 డెసిబెల్స్ తగ్గించి, గొంతు కన్నా 18 డెసిబెల్స్ కింద ఉంచారు. మొత్తం బులెటిన్ కేబుల్‌కు మైనస్ 23 లఫ్స్ (చెవికి తెలిసే గట్టిదనాన్ని కొలిచే లెక్క). యూట్యూబ్‌కు అదే ఫైలు పెడితే చప్పగా వినబడుతుంది. మైనస్ 14 కన్నా గట్టిగా ఉన్నదాన్ని అది తగ్గిస్తుంది కాని, తక్కువదాన్ని పెంచదు. 9 డెసిబెల్స్ పెంచి, లిమిటర్‌తో పైకొన మైనస్ 1 దగ్గర కట్టి వేరే ఫైలు తీయాలి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. బత్తాయి తోట అమ్ముకుని పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినాయన కూడా యూట్యూబ్‌లో ఇదే బులెటిన్ చూస్తాడు. కాబట్టి "ప్రపంచమంతటా" అనీ, కాలమెంతో అనీ రాసుకున్నారు. కొన్న ఏడాదిలోపు వాడకపోతే హక్కు జారిపోయే నిబంధన కూడా అక్కడే ఉంది. స్టింగులు ముందే చేయించి మూలన పెట్టేవాళ్లు దాన్ని చూసుకోవాలి. డప్పు వాయించిన ముగ్గురి సంతకాలు విడిగా తీసుకున్నారు. వాయించినవాళ్లకూ ప్రదర్శకుల హక్కు ఉంది, సంగీత దర్శకుడి సంతకం వాళ్లది కాదు.

ప్రసారం మొదలయ్యాక

మొదటి వారం థీమ్ చెవులు పగలగొట్టింది. కొలత మైనస్ 23 చూపుతోంది, ఇళ్లలో మోత. పాత టేపు శబ్దం సన్నగా ఉండేదని ఎప్పుడో ఎవరో ఎన్‌కోడర్ ఆడియో ఇన్‌పుట్ గెయిన్ పెంచి వదిలేశారు. పరీక్ష టోన్ పంపి దాన్ని సున్నాకు తెచ్చాక కుదిరింది. ఇది ముందే చూడాల్సిన పని.

రెండోది, ఎంఎస్‌వోల సొంత చానెళ్ల మీద "ప్లాట్‌ఫామ్ సర్వీసెస్" అని కనబడాలని 2022 నవంబరు మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మాటను హెడ్‌ఎండ్‌లో పైనుంచి వేస్తారు. అది నేరుగా లోగో మీద పడింది. లోగోను కిందికి జరపడం కంటే, హెడ్‌ఎండ్‌వాళ్లు ఎక్కడ వేస్తారో ముందే అడిగి ఆ చోటు ఖాళీగా ఉంచడం తేలిక. ఆఖరికి లోగో ఎడమకు మారింది.

మూడోది ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. పట్టణంలో పాంప్లెట్లు వేసే డీటీపీ సెంటర్లు అను ఫాంట్లలో పని చేస్తాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిష్ కోడ్ల మీద కూర్చుని ఉంటుంది. బట్టల దుకాణం ప్రకటన అక్కణ్నుంచి నేరుగా కాపీ అయి వస్తే స్క్రోలింగ్‌లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు పరిగెడతాయి. కన్వర్టర్‌తో మారిస్తే చాలావరకు వస్తుంది కాని, వత్తులు అక్కడక్కడ మారతాయి, 200సి ఒక్కటీ రాదు. ప్రస్తుతానికి ప్రకటన ఏదైనా కాగితం మీదే తీసుకుని, చానెల్‌లో మళ్లీ టైపు చేసి, టైపు చేసినవాళ్లు కాక ఇంకొకరు పైకి చదివాకే స్క్రోలింగ్‌లోకి ఎక్కిస్తున్నారు.